ముప్పైవేల ముప్పై ఒక్క బిళ్లలు

ఇలా దగ్గరికి జరుగు. ఇంకాస్త. నా గొంతు ఇదివరకటంత లేదు, పైగా ఈ సంగతి కేకలేసి చెప్పేది కాదు, పళ్లు బిగించి చెప్పేది. మా అక్క గురించి. నేలకి బిళ్లలు పరిచే పనిలో దాన్ని అందరూ మట్టం అని పిలిచేవాళ్లు. రసమట్టం చూశావుగా, గాజు గొట్టంలో బుడగ నడిమికొచ్చి నిలబడుతుంది. దానికి అదేమీ అక్కర్లేదు, చెప్పులు విప్పి నాలుగడుగులు వేస్తే చాలు, ఎక్కడ వెంట్రుకవాసి లేచిందో ఎక్కడ దిగిందో అరికాలు చెప్పేసేది. ఆ మట్టం ఒకరోజు మధ్యాహ్నం మనవరాలి బడిలో, పెద్ద టీచరమ్మ గది బయట, ఒక కాగితం పట్టుకుని గంటసేపు కూచుంది. ఆ గంటలో దాని తలలో ఏం తిరిగిందో నాకెలా తెలుసంటావేమో. చెప్పింది. బతికున్నన్నాళ్లూ చెబుతూనే ఉంది, ప్రతిసారీ అప్పుడే బెంచీ మీంచి లేచొచ్చినట్టు చెప్పేది.

బెంచీ పసిపిల్లలది. కూచుంటే మోకాళ్లు గడ్డానికి అందుతున్నాయి. అరవై దాటిన మనిషిని పనిగట్టుకుని పిలిపించి ఒకటో తరగతి బెంచీ మీద కూచోబెట్టడం కూడా ఒక మర్యాదేనా అనుకుంది మట్టం, అనుకుని కాగితం మళ్లీ విప్పింది. దాని చదువు అయిదో తరగతి సగం దాకా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటే గాని మాట కాదు. 'నేను పరీక్షలో తప్పు జవాబు రాసితిని. అది ఒప్పని తరగతిలో లెక్కల ఉపాధ్యాయునితో వాదించితిని. నా తప్పు తెలుసుకొని క్షమాపణ కోరుచున్నాను.' రాసితిని, వాదించితిని. తొమ్మిదో తరగతి పిల్ల ఎక్కడైనా వాదించితిని అంటుందా, ఇది పిల్ల మాట కాదు, లెక్కల మాస్టారు కూచుని అల్లిన ముక్క. కింద రెండు చుక్కల గీతలు, ఒకటి పిల్లకి, ఒకటి ఇంటి పెద్దకి. కూతురు ఫ్యాక్టరీలో షిఫ్టు మీద ఉంది కాబట్టి ఈ పూటకి ఇంటి పెద్ద మట్టమే. ఆఖరి గంట కొట్టేలోపు రెండు గీతల మీదా రెండు సంతకాలు పడితే శనివారం లెక్కల పోటీకి బడి తరఫున పిల్ల పేరు వెళుతుంది, పడకపోతే వెళ్లదు. రెండు మెట్లు గెలిచి మూడో మెట్టు దాకా వచ్చిన పిల్ల. అరచేయంత కాగితం, అటు తిప్పితే పోటీ, ఇటు తిప్పితే ఇల్లు. మడిచింది. మళ్లీ విప్పింది. మడత చిరగబోతోందని చూసి ఇంకా మంట పుట్టింది, చిరిగితే ఇంకోటి రాస్తాడు, అలాంటివి ఆయన దగ్గర దొంతరలుంటాయి.

ఈ నేల ఎవడు పరిచాడో గానీ వాడి చేతులు ఇరగ. తప్పు, అలా అనకూడదు, కానీ ఇరగ. గోడ దగ్గర చూడు, రెండు వేళ్ల మందాన కోసిన బిళ్ల చీలికలు పెట్టాడు, వరస మొదలెట్టే ముందు నడిమి గీత కొట్టుకుని, ఒట్టి బిళ్లలు ఓసారి పేర్చి చూసుకుని, అటూ ఇటూ ఎంత మిగులుతుందో తెలుసుకున్నాకే గదా సిమెంటు కలిపేది, వీడు తలుపు దగ్గర మొదలెట్టి కళ్లు మూసుకుని పోయాడు, గోడ తగిలితే ఆగాడు. మడమతో తడితే నాలుగో బిళ్ల కింద బోలు. ఏడోది కూడా బోలు. లెక్క చెయ్యకుండా మొదలెట్టిన ప్రతివాడి నేలా బోలే. పైకి మెరుస్తుంటుంది, పైన వందమంది పిల్లలు నడుస్తుంటారు, ఎవరికీ తెలీదు, అరికాలికి తప్ప. లెక్కల మాస్టారు రోజూ ఈ బోలు మీద నడిచే క్లాసుకి వెళతాడు కదా, చెప్పులేసుకుని వెళతాడు, ఇస్త్రీ చెదరకుండా.

పిల్లని ఇంట్లో పిడుగు అంటారు. నిన్న సాయంత్రం పిడుగు సంచీ కూడా దించకుండా గుమ్మంలో నిలబడి ఒక్క గుక్కలో చెప్పింది. ఒకటితో, తనతో తప్ప ఏ అంకెతోనూ శేషం లేకుండా పోని వాటిని బడిలో ప్రధాన సంఖ్యలంటారు కదా అమ్మమ్మా, వాటిని మొదట్నుంచీ వరసగా గుణించి ఒకటి కలిపితే ఎప్పుడూ ఇంకో ప్రధాన సంఖ్యే వస్తుందని మాస్టారు చెప్పారు. రెండు మూళ్లు ఆరు, ఒకటి కలిపితే ఏడు. అయిదుతో కూడా గుణిస్తే ముప్పై, ఒకటి కలిపితే ముప్పై ఒకటి. ఏడుతో గుణించి కలిపితే రెండొందల పదకొండు. పదకొండుతో అయితే రెండువేల మూడొందల పదకొండు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పదమూడుతో గుణిస్తే ముప్పైవేల ముప్పై, ఒకటి కలిపితే ముప్పైవేల ముప్పై ఒకటి, అదీ అంతేనని నిరూపించమని పరీక్షలో ఇచ్చారు. నేను 'నిరూపించలేము, ఎందుకంటే కాదు' అని రాశాను. సున్నా వేశారు. మీరొకసారి భాగించి చూడండి సార్ అన్నాను. బయట నిలబెట్టారు.

ముప్పైవేల ముప్పై ఒకటి. పిల్ల నోట ఆ అంకె వినగానే మట్టానికి గిన్నె చేతిలోంచి జారింది. లోకంలో ఇన్ని అంకెలుండగా వెతుక్కుంటూ వచ్చి మళ్లీ ఆ అంకే ఇంటి గుమ్మంలో నిలబడింది. ఆ అంకె దాని ఒంట్లో ఉంది, పిల్లకి అన్నం కలిపి పెడుతూ, జడ వేస్తూ, జ్వరమొస్తే పక్కన కూచుని, ముప్పైవేల ముప్పై ఒకటంటే ఎంతే, యాభై తొమ్మిది ఐదొందల తొమ్మిదులే, అని వేరేవాళ్లు పాట పాడినట్టు పాడింది. అంటే పిల్ల తలలో ఈ గొడవ నాటింది నేనే కదా, అనుకుంది మట్టం, నా మాట పట్టుకుని పోయి పరీక్షలో రాసొచ్చింది, నా మాట పట్టుకునే మాస్టారికి ఎదురు నిలబడింది. ఇప్పుడు కాగితం వచ్చి నా ఒళ్లోనే పడింది. ఎవరి మీద కోప్పడాలి? బెంచీ మీద కోప్పడింది. జరిగి కూచుంది. మేకు గుచ్చుకుంది.

"ఎవరి తాలూకమ్మా?" బడి గంట కొట్టే ముసలాయన చీపురు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"తొమ్మిదో తరగతి పిల్ల."

"ఆ అంకెల పిల్లా? సంతకం గీకేసి పోక ఇంకా కూచున్నావేం? మాస్టారితో పెట్టుకుంటే బడి వదిలేదాకా సుఖముండదు."

"నీకేం సుఖముందట?"

"నాకేం తల్లీ, నలభై ఏళ్లుగా గంట కొడుతున్నా. నేను కొడితే పెద్ద టీచరమ్మ కూడా కుర్చీలోంచి లేవాల్సిందే. కాస్త కాళ్లెత్తు, ఊడవాలి."

కాళ్లెత్తింది. ఊడ్చాడు. దుమ్మంతా తీసుకెళ్లి బిళ్లల సందుల్లోకి తోశాడు. సందుల్లో సున్నం కూడా సరిగ్గా పట్టించలేదు, పట్టిస్తే దుమ్ము కూచునేదా. నాన్న అయితే బిళ్లకీ బిళ్లకీ మధ్య గోరు దూరనిచ్చేవాడు కాదు. నాన్న. అదిగో, ఆయన దగ్గరికే వస్తుందని తెలుసు, ఎటు తిరిగినా అక్కడికే, ఆయన్ని తలుచుకోకూడదనే కదా ఇందాకట్నుంచీ నేలని తిట్టుకుంటోంది. నాన్నకి ఒక్క అక్షరం రాదు. కానీ అంకెల్ని మనుషుల్లా చూసేవాడు. మధ్యాహ్నం తిండి తిన్నాక విరిగిన బిళ్ల ముక్కలు గుప్పెడు తీసి మట్టం ముందు పోసేవాడు, వీటిని పరువు, చూద్దాం, అనేవాడు. పన్నెండు పోస్తే మూడు వరసలుగా నాలుగేసి పరిచేది, రెండు వరసలుగా ఆరేసి పరిచేది, అలా నిండుగా నాలుగు మూలలూ వచ్చేట్టు పరుచుకునేదాన్ని చాప అనేవాళ్లు. పదమూడు పోస్తే ఎంత తిప్పినా మూల విరిగేది, ఒకటి ఎప్పుడూ మిగిలేది, ఆఖరికి అన్నీ ఒకే వరసలో పొడుగ్గా పెట్టేసేది. అదీ, అది ఒంటివరస అనేవాడు నాన్న. బడిలో ప్రధాన సంఖ్య అంటారే, అదే మా వాళ్ల ఒంటివరస. చాపకి చుట్టాలెక్కువ, ఒంటివరసకి ఎవరూ లేరు, దాని పక్కన అదే. పనివాళ్లకి ఒంటివరస అంటే చిరాకు, గది కొలత అలా వస్తే బిళ్లలు కొయ్యాల్సిందే, కానీ మట్టానికి అవంటేనే ఇష్టంగా ఉండేది, ఎవరి మాటా వినని పిల్లల్లా ఉండేవి.

మాస్టారు చెప్పిన ముప్పైవేల ముప్పై ఉంది చూశావూ, అది పరమ సాధువు. ఇద్దరొస్తే ఇద్దరికి పంచుతుంది, ముగ్గురొస్తే ముగ్గురికి, అయిదు, ఏడు, పదకొండు, పదమూడు, ఎవరొచ్చినా సర్దుకుంటుంది, దాన్ని ముప్పై ఒక్క రకాల చాపలుగా పరవచ్చు, మట్టం ఓ వానాకాలం పనిలేక కూచుని అన్నీ తేల్చింది. దానికి ఒక్క బిళ్ల కలుపు. అంతే, మొహం తిప్పుకుంటుంది. రెండుతో ఒకటి మిగులుతుంది, మూడుతో ఒకటి మిగులుతుంది, అయిదుతో, ఏడుతో, పదకొండుతో, పదమూడుతో, ఎవరితో చూసినా అదే ఒక్క బిళ్ల చేతిలో మిగిలిపోతుంది. అక్కడిదాకా చూసి మాస్టారు చేతులు దులుపుకున్నాడు. ఆరు తలుపులు తట్టి ఊళ్లో ఎవరూ లేరన్నాడు. పదమూడు తర్వాత వీధి లేదా, పదిహేడు లేదా, పంతొమ్మిది లేదా, నడవడానికి ఆయనకి కాళ్లు నొప్పా? యాభై తొమ్మిది దాకా నడిస్తే తలుపు తీసేదే. యాభై తొమ్మిది ఒంటివరస, ఐదొందల తొమ్మిది ఒంటివరస, ఆ ఇద్దరు మొండివాళ్లకి పుట్టిన చాప అది, అందుకే దాన్ని పరవడానికి ఒకే ఒక్క దారి, అడ్డం యాభై తొమ్మిది, పొడుగు ఐదొందల తొమ్మిది, ఇంకే గదిలోనూ పట్టదు. కాకపోతే దాన్ని ఇంకో వేషంలో కూడా చూసింది మట్టం. అటు రెండొందల ఎనభై నాలుగు ఇటు రెండొందల ఎనభై నాలుగు చదరంగా ముంగిలి పరిచి, లోపల రెండొందల పాతిక చదరం ఖాళీ వదిలితే, చుట్టూ పడే బిళ్లలు సరిగ్గా ముప్పైవేల ముప్పై ఒకటే. ఈ సంగతి ఏ మాస్టారూ చెప్పలేదు. కోపంతో కనిపెట్టింది. కోపమొస్తే కొందరు గిన్నెలు విసురుతారు, ఇది ఆ అంకెని పట్టుకుని అటూ ఇటూ తిప్పేది, ఏభై ఏళ్లుగా.

ఏభై ఏళ్ల కిందట మట్టానికి పన్నెండు. నేను చంకలో పిల్లని, నాకేం గుర్తుండదు, అదే గుర్తుంచుకుంది నాకూ తనకూ కలిపి. పెద్దాసుపత్రికి పొడుగు హాలు కట్టారు, ఈ చివర నిలబడితే ఆ చివర మనిషి బొటనవేలంత కనపడేవాడట. జానెడు చదరపు రాతిబిళ్లలు, సుత్తి గట్టిగా తగిలితే పగిలే రకం, అందుకని ఒక్కటీ కొయ్యకుండా అన్నీ నిండు బిళ్లలే పట్టేట్టు హాలు కొలత పెట్టించాడు నాన్న. అడ్డానికి యాభై తొమ్మిది. నాన్న పరుస్తుంటే మట్టం బిళ్లలందించేది, వరస నిండగానే బొగ్గుముక్కతో గోడ మీద ఒక గీత గీసేది. గీత, గీత, గీత. ఐదొందల తొమ్మిదో గీత గీసిన రోజు నాన్న ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఒట్టి కాళ్లతో నడిచి, ఏం మాట్లాడకుండా దాని తల మీద సిమెంటు చెయ్యి పెట్టాడు. జుట్టంతా గట్టిపడి అట్ట కట్టింది. రెండు రోజులు కడుక్కోలేదు మట్టం.

ఆ తర్వాత వారానికి గోడలకి సున్నం వేశారు. ఐదొందల తొమ్మిది గీతలూ ఒక్క పూటలో పోయాయి. పోయిన మర్నాడు సామాను గది గుమాస్తా వచ్చాడు. వచ్చి హాలు అటు ఓసారి ఇటు ఓసారి అడుగులేసి, అడ్డం అరవై, పొడుగు ఐదొందలు, అరవై ఐదొందలు ముప్పైవేలు, అన్నాడు. నా గదిలోంచి పోయినవి ముప్పైవేల ముప్పై ఒకటి. ఆ ముప్పై ఒకటీ ఎవరింట్లో పరుచుకున్నావు మేస్త్రీ? అరవై కాదు యాభై తొమ్మిదండీ, అన్నాడు నాన్న. ఆహా, అయితే ఇంకా తక్కువే పట్టాలి కదయ్యా, ఇంకా ఎక్కువ తీశావన్నమాట, అని నవ్వాడు గుమాస్తా. పక్కనున్నవాళ్లూ నవ్వారు. ఆ నవ్వు. ఐదొందలు కాదు ఐదొందల తొమ్మిది, వరసకి ఒకటి తగ్గితే ఐదొందలు పోయాయి, తొమ్మిది వరసలు పెరిగితే ఐదొందల ముప్పై ఒకటి వచ్చాయి, పోయినవి తీసేస్తే మిగిలిన ముప్పై ఒకటీ నీ కాళ్ల కిందే ఉన్నాయి, వంగి లెక్కపెట్టు, అని పన్నెండేళ్ల మట్టం అరిచింది. గుమాస్తా కిందికి చూడను కూడా చూడలేదు. ఎవరు లెక్కపెడతారే ఇన్ని, అన్నాడు. తర్వాత కాగితం తీశాడు. నేను ముప్పై ఒక్క బిళ్లలు తీసుకున్న మాట నిజమని. వేలిముద్ర వేస్తే వెనకాల కట్టే వార్డుల పని నీకే, వెయ్యకపోతే ఈ గేటు లోపలికి మళ్లీ రావు.

నాన్న వేశాడు. బొటనవేలు సిరాలో ముంచి, గదికి నడిమి గీత కొట్టేటప్పుడు ఎంత జాగ్రత్తగా దారం అదుముతాడో అంత జాగ్రత్తగా, గీత మీద సరిగ్గా అదిమాడు. దొంగతనం కూడా మట్టంగా ఒప్పుకున్నాడు. దారంతా మట్టం ఏడవలేదు, కోపంతో ముక్కు కారింది అంతే. ఎందుకేశావు అంటే, పోనీలేవే, నేలకి తెలుసులే, అన్నాడు. నేలకి తెలుసులే. ఆ మాట అప్పట్నుంచీ అరికాల్లో ముల్లులా తిరుగుతూనే ఉంది. నేలకి తెలిసి ఏం లాభం నాన్నా, నేల నోరు విప్పుతుందా, పేషెంట్లు తోపుడు బల్లల మీద దాని మీంచి పోతుంటే ఈ మేస్త్రీ దొంగ కాడండోయ్ అని చెబుతుందా? గుమాస్తా మీద కోపం పదేళ్లకి తగ్గింది, వాడికి లెక్క రాదు. నీకు వచ్చు కదా. నీకు వచ్చి కూడా వేశావు కదా. ఆయన పోయేరోజు కూడా కాళ్ల దగ్గర కూచుంది గానీ తల దగ్గరికి జరగలేదు. మాకందరికీ తెలుసు, ఎవరం అడగలేదు.

ఇప్పుడు నా చేతిలో కాగితం, అనుకుంది. వేస్తే పిల్లకి శనివారం. నాన్నకి వార్డుల పని, పిల్లకి శనివారం. రేపు పిడుగు నా తల దగ్గర కూచుంటుందా కాళ్ల దగ్గర కూచుంటుందా? వెయ్యకపోతే మాత్రం, నా పంతానికి పిల్ల పోటీ పోగొట్టానని కూతురు ఇల్లెగరగొట్టదూ? ఎటు పరిచినా మూల విరుగుతోంది. అప్పుడే తలుపు కిర్రుమంది, రమ్మంటున్నారు, అన్నాడు గంట ముసలాయన, కాస్త చల్లగా మాట్లాడమ్మా, అని కూడా అన్నాడు. లేచింది. మోకాళ్లు పట్టేశాయి. గుమ్మం ముందు బిళ్ల కూడా బోలే.

లోపల పెద్ద టీచరమ్మ బల్ల వెనకాల, లెక్కల మాస్టారు కిటికీ పక్కన. పిడుగు బీరువాకి ఆనుకుని, గోళ్లు చూసుకుంటూ.

"సంతకం పెట్టారా అమ్మా?" అన్నాడు మాస్టారు. గొంతు మెత్తగానే ఉంది.

"మీరు గుణించారా?"

"ఏంటి?"

"యాభై తొమ్మిదిని ఐదొందల తొమ్మిదితో. పిల్ల చెప్పింది కదా."

"చూడండమ్మా, ఇది మీరు అనుకున్నట్టు కాదు. దీనికో సిద్ధాంతం ఉంది. రెండుతో పోదు, మూడుతో పోదు, పదమూడు దాకా దేనితోనూ పోదు, ఒకటి మిగులుతుంది. మీకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే..."

"నాకు అర్థం కాకపోతే పోనీండి. మీకైతే గుణించడం వచ్చుగా."

పెద్ద టీచరమ్మ నవ్వు ఆపుకోవడానికి కళ్లజోడు తీసి తుడుచుకుంది. చెయ్యి చాపి, మట్టం చేతిలోని కాగితమే తీసుకుని, వెనక్కి తిప్పి, పెన్సిల్‌తో గుణించింది. తొమ్మిది తొమ్ముల ఎనభై ఒకటి అని పెదాలు కదిపింది. కింద గీత గీసింది. కూడింది. ఇంకోసారి కూడింది. కాగితం మాస్టారి వైపు జరిపింది.

మాస్టారు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"పదమూడు దాకా పోదని చెప్పారు, బానే ఉంది," అంది పెద్ద టీచరమ్మ మెల్లగా. "ఆ తర్వాతవాళ్లని అడగలేదండీ మీరు."

"సరే మేడం, లెక్క సంగతి పక్కన పెడదాం." మాస్టారు కాలరు సర్దుకున్నాడు. "నలభైమంది ముందు పిల్ల మాట్లాడిన తీరు మాట ఏంటి? మీరే భాగించి చూడండి అంటుందా నన్ను? రేపు ఇంకొకడు లేస్తాడు. తీరు గురించి నాకు కాగితం కావాలి."

చూశావా. లెక్క తప్పిందని తేలగానే తీరు వచ్చి కూచుంది. అరవై తప్పని తేలితే, అయితే ఇంకా ఎక్కువ తీశావన్నమాట, అన్నాడే గుమాస్తా, అదే నాలుక ఇది, ఏభై ఏళ్లకి చొక్కా మార్చుకుని వచ్చింది. పెద్ద టీచరమ్మ మట్టం వైపు వంగి బతిమాలుతున్నట్టు అంది, "మొదటి రెండు వాక్యాలూ కొట్టేస్తానమ్మా. క్షమాపణ కోరుచున్నాను అన్నది ఒక్కటీ ఉంచుదాం. సంతకం పెట్టేయండి, ఇప్పుడే పేరు పంపిస్తా. ఆయన పరువూ ఆయనకి ఉంటుంది, పిల్ల పోటీ పిల్లకి ఉంటుంది."

పెన్ను ఇచ్చింది. మట్టం పుచ్చుకుంది. అదీ నిజం, దాచను, పుచ్చుకుంది. ఒక్క మాటే కదా, ఎందుకో కూడా రాసి లేదు, ఒట్టి క్షమాపణ. చుక్కల గీత మీదికి పెన్ను పోయింది. పోయి ఆగింది.

"పిల్ల రాసిన పేపరు ఒకసారి చూపిస్తారా?"

మాస్టారు దొంతరలోంచి లాగి బల్ల మీద పడేశాడు. పెద్ద ఎర్ర సున్నా. సున్నా కింద పిడుగు గుండ్రటి చేతిరాత. మట్టానికి మాటలు చదవడం ఆలస్యమవుతుంది గానీ అంకెలు ఎప్పుడూ ఆలస్యం కావు. పదిహేడుతో పోదు, తొమ్మిది మిగిలింది. పంతొమ్మిదితో పోదు, పదకొండు మిగిలింది. ఇరవై మూడుతో పదహారు. ఇరవై తొమ్మిదితో పదహారు. ముప్పై ఒకటితో ఇరవై మూడు. ముప్పై ఏడు, నలభై ఒకటి, నలభై మూడు, నలభై ఏడు, యాభై మూడు, ప్రతి తలుపూ తట్టి, ప్రతి చోటా ఎంత మిగిలిందో రాసి, ఆఖరి వరసలో యాభై తొమ్మిది, ఐదొందల తొమ్మిదిసార్లు, ఏమీ మిగల్లేదు. పరీక్షలో అరగంటకి పైనే పట్టి ఉంటుంది ఆ ఒక్క లెక్కకే.

"ఇదంతా ఎందుకే?" అంది మట్టం. "యాభై తొమ్మిదని నీకు పుట్టినప్పట్నుంచీ తెలుసుగా."

పిడుగు గోళ్ల మీంచి తలెత్తింది. "నువ్వు చెప్పావని రాయడానికి లేదుగా అమ్మమ్మా. నువ్వు తప్పు లెక్కపెట్టావేమోనని మొదట్నుంచీ చేశాను."

మట్టానికి తల దిమ్మెక్కింది. నన్నే అనుమానించిందీ పిల్ల. కోపం ఒక్క తన్నులో లేచింది, లేచి ఇంకేదో అయిపోయింది. గుమాస్తా వంగి లెక్కపెట్టలేదు. మాస్టారు గుణించలేదు. నాన్నకి తెలిసి కూడా నోరెత్తలేదు. ముప్పైవేల ముప్పై ఒకటి నిజమేనా అని ఇన్నేళ్లలో నేల మీద మోకాళ్లేసి ఒక్కొక్కటీ తట్టి చూసింది ఇది ఒక్కతే. అమ్మమ్మ చెప్పినా సరే, నమ్మకుండా.

పెన్ను బల్ల మీద పెట్టింది. పెట్టి కాగితాన్ని వెనక్కి తిప్పి, పెద్ద టీచరమ్మ చేసిన గుణకారం పైకి వచ్చేట్టు, మాస్టారి వైపు తోసింది. "దీని కింద మీరొక సంతకం పెట్టండి బాబూ. తర్వాత నేను పెడతాను, ముందు వైపు."

మాస్టారు కిటికీలోంచి బయటికి చూశాడు. పెద్ద టీచరమ్మ పెన్ను ఆయన వైపు జరిపింది, ఆయన ముట్టుకోలేదు. బయట ముసలాయన ఆఖరి గంట కొట్టాడు, గట్టిగా, లెక్క ప్రకారం.

శనివారానికి పిడుగు పేరు వెళ్లలేదు. ఆ ఎర్ర సున్నా కూడా చెరపలేదు, మార్కుల పుస్తకంలో అలాగే ఉండిపోయింది. ఆ సాయంత్రం ఇద్దరూ బడి గేటు దాటి వీధిలో నడుస్తున్నారు, పిల్ల రెండడుగులు ముందు.

"కోపమా నా మీద?" అంది మట్టం.

"ఊఁ."

"ఎన్నాళ్లు?"

పిల్ల నిజంగానే ఆలోచించింది. "ఆదివారం దాకా," అంది. సంచీ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని, నడక కాస్త తగ్గించింది.

ఇదీ సంగతి. విన్నావుగా, మర్చిపోకు, ఎవరికైనా చెప్పు. చెప్పేటప్పుడు ఏదో పెద్ద అంకె అని చెప్పకు, ముప్పైవేల ముప్పై ఒకటి అని అంకె పేరు పెట్టి చెప్పు, మా నాన్న తియ్యలేదని చెప్పు. చివర్లో పోటీకి పంపారని, పిల్ల గెలిచిందని తీపి కలపకు, పంపలేదు. వినేవాళ్లు నిజమా అని అడిగితే నా మీద ఒట్టు వెయ్యకు, వాళ్ల చేతికి పెన్సిలిచ్చి గుణించుకోమను. నువ్వు కూడా, ఇప్పుడు ఇంటికెళ్లి, ముందు నువ్వు గుణించి చూసుకున్నాకే చెప్పు.